గంగక్క ఐదో సూది

"సూది ఒకటి తక్కువొచ్చింది ఉమమ్మా."

ప్రయాణానికి ముందురోజు పొద్దున్నే గంగక్క మా గేటు దగ్గర నిలబడి అన్న మాట ఇది. భుజం మీద మడతపెట్టిన బొంత, చేతిలో సూదులు గుచ్చుకునే ఎర్ర ఉన్నిగుడ్డ. ముఖం చూస్తే రాత్రంతా కన్ను మూసినట్టు లేదు.

"తక్కువైతే అంగట్లో తెచ్చుకుందాం లే, దానికేం" అన్నాను.

"కొనేది నాకు తెలియదా? ఆ పోయింది యాడుండాదో తెలియాల గదా." బొంతను అరుగు మీద దించి దాని మీద అరచెయ్యి ఆనించింది. "దీంట్లో ఉంటే?"

ఆ బొంత మీద పడుకోబోయేది నెలలు నిండకుండా పుట్టిన పిల్ల.

చిలమత్తూరులో బొంత కుట్టించుకోవాలంటే ఎవరైనా గంగక్క ఇంటికే దారి చూపిస్తారు. డెబ్బైకి దగ్గరపడిన మనిషి. నేను బ్రాంచి లైబ్రరీలో పనిచేసిన కాలంలో మధ్యాహ్నాలు లైబ్రరీ వరండాలో కూచుని కుట్టేది. అక్కడైతే ఎండ పడదు, వెలుతురు పడుతుంది. లోపల నేను చదువుకునేదాన్ని, బయట ఆమె కుట్టుకునేది. ఇద్దరికీ మాటలు తక్కువే. నేను రిటైరయ్యాక ఆమె మా అరుగు మీదికి మారింది. అంతకుమించి మా స్నేహానికి పెద్ద కథ లేదు.

ఆమె కూతురు చిన్న వయసులోనే పోయింది. ఆ కూతురి కూతురు సుజాతను గంగక్కే పెంచింది. బొంతలు కుట్టి నర్సు చదువు చదివించింది. సుజాతకు అహ్మదాబాదులో ఒక ఆసుపత్రిలో ఉద్యోగం. అక్కడే తనతో పనిచేసే కేరళ అబ్బాయి జాయ్‌ని పెళ్లి చేసుకుంది. పోయిన నెల వాళ్లకు ఆడపిల్ల పుట్టింది, రావలసిన దినాలకంటే చాలా ముందు. గాజుపెట్టెలో పెట్టి కాపాడారు. ఇప్పుడు ఇంటికి పంపుతామన్నారు. సుజాత ఫోన్ చేసి ఒకటే మాట చెప్పింది: "అవ్వా, నువ్వొచ్చి బొంత పరిస్తేనే పాపను కింద పండబెడతా. అంతవరకూ ఒళ్లో నుంచి దించను."

రైలుకు పోతే ఆలస్యమవుతుందని జాయ్ విమానం టికెట్లు రెండు తీశాడు, గంగక్కకు ఒకటి, తోడుగా నాకు ఒకటి. గతంలో ఒక్కసారి విమానం ఎక్కినదాన్ని కాబట్టి మా వీధికి అందులో పండితురాలిని నేనే.

పసిపిల్లల బొంతకు గంగక్క ఇంట్లో కొన్ని పద్ధతులున్నాయి. ఇప్పుడు అందరూ పాటిస్తారని చెప్పను, ఆమె మాత్రం తప్పదు. గుడ్డకు కత్తెర తగలకూడదు, చేత్తోనే చించాలి. లోపలి పొరల్లో ఇంటి పెద్దవాళ్లు పడుకున్న పాత బొంత ముక్క ఒకటి ఉండాలి. పైకుట్టు మొదలయ్యాక వీధిలో ఆడవాళ్లు వచ్చి తలా ఒక వరస కుట్టాలి. అన్ని చేతులు పడితే పిల్ల అందరిదీ అవుతుందట. పొద్దు గూకాక సూది పట్టకూడదు.

ఈ బొంత లోపల పెట్టిన పాత ముక్క సుజాత పసిపాపగా పడుకున్నది. అంతకుముందు సుజాత తల్లి పడుకున్నది. ఇంకా ముందు గంగక్కే పడుకున్నది. దాన్ని కుట్టింది గంగక్క తల్లి తిమ్మమ్మ.

గంగక్క సూది తక్కువని వచ్చిన పొద్దుకు ముందు సాయంత్రం మా అరుగు మీద ఆడవాళ్లు గుంపుగా చేరి నవ్వుకుంటూ, ఒకరి వరస వంకరని ఒకరు ఎక్కిరించుకుంటూ కుట్టారు. నేనూ ఒక వరస వేశాను. గంగక్క దగ్గర ఐదు సూదులు. అవే చేతులు మారాయి. ఇంతలో పాలబండి హారన్ కొట్టింది. ఒకరు గిన్నె కోసం పరుగెత్తారు, ఒకరు ఎసరు గుర్తొచ్చి లేచారు. చీకటి పడుతోందని గంగక్క కూడా హడావిడిగా బొంత మడిచేసింది. ఏ పని ముగించినా సూదులు లెక్కపెట్టకుండా లేవని మనిషి, ఆ ఒక్క సాయంత్రం లెక్కపెట్టలేదు. రాత్రి అన్నం తింటూ ఉన్నిగుడ్డ విప్పి చూస్తే నాలుగే ఉన్నాయి.

పొద్దున ఇద్దరం వీధంతా తిరిగాం. పోయిన సూది గురించి అడగడం అంత తేలిక కాదని నాకు ఆ రోజే తెలిసింది. 'మీ ఇంటికి వచ్చిందేమో చూడు' అన్నా అది 'నువ్వు ఎత్తుకుపోయినావు' అన్నట్టే వినబడుతుంది. నాగలక్ష్మమ్మ చీపురు చేతిలో పట్టుకునే బయటికొచ్చింది.

"ఏం గంగక్కా, సూది దొంగతనం చేసే గతి పట్టిందనుకున్నావా మాకు? మావోడు కార్ల కంపెనీలో పనిచేస్తాండాడు."

"దొంగతనమని యెవురన్నారే? మరిచిపోయి రైకకు గుచ్చుకుని వచ్చినావేమో చూడమంటాండా."

"రైకకు గుచ్చుకుంటే నాకు తెలియదా? నాకేమన్నా తోలు మందమా?"

"తోలు సంగతి నాకు తెలీదు. నోరైతే మందమే."

"చూసుకో, ఇదో కొంగు! ఇదో కుచ్చిళ్లు! ఇంగేమన్నా విప్పి చూపించల్నా వీధిలో?" కొంగు దులిపి, చీపురు నేలకేసి కొట్టి, తలుపేసుకుంది నాగలక్ష్మమ్మ.

మోటార్లు రిపేరు చేసే సుంకప్ప పాత స్పీకరు నుంచి తీసిన అయస్కాంతం తెచ్చాడు. బొంత ఈ మూల నుంచి ఆ మూల దాకా ఇస్త్రీ చేసినట్టు తిప్పాడు. ఏమీ కదల్లేదు.

"లేదు గంగక్కా. ఉంటే ఎగిరొచ్చి కరుచుకోదా ఇది?"

"నీ అయస్కాంతానికి వయసు మళ్లిందప్పా, నా మాదిరే" అంది గంగక్క. బొంత మందం అలాంటిది. పొర మీద పొర, వరస పక్కన వరస. మెత్తగా తగులుతుందే గానీ లోపల ఏముందో పైకి తెలియదు.

"విప్పి చూద్దామా?" అన్నాను.

"విప్పితే రేపటికి మల్ల కుట్టేదయితాదా? అదీగాక, పాప కోసం అందరూ వేసిన వరసలు నేనెట్ల తెంపేది?"

విప్పడానికి లేదు. విప్పకుండా తీసుకుపోవడానికి భయం. వదిలేసి ఖాళీ చేతులతో పోతే సుజాత బిడ్డను ఒళ్లో నుంచి దించదు. గంగక్క ఈ మూడింటి మధ్య మధ్యాహ్నం దాకా తిరిగింది. బొంత మీద అరచేత్తో రాసింది, మోచేత్తో రాసింది, చెంప ఆనించి రాసింది. ఏమీ తగల్లేదు. తగలకపోవడమే ఆమెకు ఎక్కువ భయం. రాసి రాసి అలిసిపోయి అరుగు మీద చతికిలబడి, అన్నేళ్లలో నాకెప్పుడూ చెప్పని సంగతి చెప్పింది.

తిమ్మమ్మ కూడా బొంతలు కుట్టే బతికింది. ఊరూరా తిరిగి, కుట్టిన ఇంట్లో రాగులో శెనక్కాయలో పెడితే తెచ్చుకునేది. దారం కొనే స్తోమత లేక ధర్మవరంలో మగ్గాల కింద తెగిపడిన పట్టుపోగులు ఏరి తెచ్చి పేనుకునేది. ఒకసారి ఒక పెద్ద రైతు ఇంట్లో బొంత కుట్టి తిరిగి వచ్చాక సూది ఒకటి కనబడలేదు. గంగక్క అప్పుడు చిన్నపిల్ల. సూదులతో ఆడుకునే అలవాటుంది. తల్లి పట్టుకుని చింతబరికెతో కొట్టింది, యాడ పారేసినావో చెప్పమని. ఆ పిల్లకు తెలిస్తే కదా చెప్పడానికి! ఇద్దరూ కలిసి ఇల్లంతా ఊడ్చి, దుమ్ము చేటలో పోసి చెరిగారు. దొరకలేదు. ఇక ఆ రైతు ఇంట్లోని బొంతలోనే ఉండాలని తిమ్మమ్మ మళ్లీ నడుచుకుంటూ ఆ ఊరికి పోయి, సూది ఉందేమోనని తానే చెప్పి, కుట్టిన బొంత మొత్తం వాళ్ల ముందే విప్పింది. అందులోనూ లేదు. కానీ మాట మిగిలిపోయింది. తిమ్మమ్మ బొంతల్లో సూదులుంటాయట అని ఊళ్లు తిరిగింది ఆ మాట. పిల్లలున్న ఏ ఇంట్లోనూ మళ్లీ ఆమెకు చాలాకాలం పని దొరకలేదు.

"ఆ పొద్దు నుంచి లెక్కపెట్టకుండా లేవలేదమ్మా నేను" అంది గంగక్క. "నిన్న లేస్తి."

మధ్యాహ్నం పెట్టె సర్దాం. కత్తెర, దబ్బనం, దారపు ఉండలు, మైనం ముద్ద, మిగిలిన నాలుగు సూదులు ఉన్న ఉన్నిగుడ్డ. అన్నీ చేతిసంచిలోనే పెట్టుకుంది గంగక్క. నేను తీసి పెద్ద పెట్టెలో పెట్టాను. ఆమె మళ్లీ తీసి సంచిలో పెట్టుకుంది.

"మొనదేలినవి మనతో కూచోనివ్వరు గంగక్కా. పెట్టెలోనే పోవాలి."

"పెట్టె మనతో రాదా?"

"అదే విమానంలో వస్తుంది. కింద అరలో."

"ఆడ యెవురు చూసుకుంటారు?"

"ఎవరూ చూసుకోరు."

"అట్లయితే యెట్లమ్మా? కత్తెర విడిచి నేను బస్సు గూడా ఎక్కింది లేదు."

చివరికి కత్తెర మొనకు మొక్కజొన్న కండె ముక్క ఒకటి గుచ్చి, పాతగుడ్డ చుట్టి, చిన్నపిల్లను ఉయ్యాల్లో వేసినట్టు పెట్టెలో పెట్టింది. బొంత మాత్రం ఎంత చెప్పినా పెట్టెలో పెట్టనివ్వలేదు. ఒళ్లో పెట్టుకునే వస్తానంది. సరే అని, అప్పుడు నేనొక మాట చెప్పాను.

"అక్కడ తనిఖీ ఉంటుంది. సూది మాట నువ్వు ఎత్తొద్దు. ఉందో లేదో మనకే తెలియదు. ఉందేమోనని మనమే చెబితే బొంత తీసి పక్కన పడేస్తారు. ఆ గొడవలో విమానం వెళ్లిపోతుంది."

గంగక్క తల ఊపింది. ఆమె తల ఊపడానికీ ఒప్పుకోవడానికీ సంబంధం లేదని నాకు తెలుసు.

మరునాడు మా ఊరి చెన్నప్ప బాడుగ కారులో, సరిహద్దు అవతలున్న విమానాశ్రయానికి బయల్దేరాం. ఊరు దాటితే రెండుపక్కలా దున్ని వదిలేసిన ఎర్రనేల. వాన రాక శెనక్కాయ విత్తనం ఇంకా ఇళ్లలో మూటల్లోనే ఉంది. చెన్నప్ప వానల గురించి, సరిహద్దు దాటితే పెట్రోలు ధర గురించి ఏదో చెప్తున్నాడు. గంగక్క ఒళ్లో బొంత, బొంత మీద చెయ్యి. కారు గతుకులో పడినప్పుడల్లా చెయ్యి గట్టిగా నొక్కుకుంటోంది, లోపల ఉన్నది కదలకుండా పట్టుకున్నట్టు.

"యేందవ్వా, విమానమంటే భయమా?" అన్నాడు చెన్నప్ప అద్దంలో చూస్తూ.

"విమానమెందుకప్పా భయం? పడితే అందరం పడతాం."

విమానాశ్రయంలో పెట్టె తూకం వేసే అమ్మాయి అలవాటుగా అడిగింది, పెట్టెలో ఏమేం ఉన్నాయని. గంగక్క సాక్షి చెప్పినట్టు చెప్పింది. "కత్తెరుండాది. దబ్బనముండాది. సూదులు నాలుగు. ఐదోది..."

నేను ఆమె మోచెయ్యి నొక్కాను. ఆగిపోయింది. పెట్టె పట్టీ మీద కదిలి రబ్బరు తెర వెనక్కి పోతుంటే మెడ సాచి, అది కనబడినంతసేపూ చూసింది.

తనిఖీ దగ్గర పొడుగు వరస ఉంది. ఎవరి సంచి వాళ్లు ట్రేల్లో పెడుతున్నారు. చెప్పులు, బెల్టులు, ఫోన్లు. మా వంతు వచ్చింది. గంగక్క బొంతను ట్రేలో పెట్టింది. పట్టీ ట్రేను లాక్కుపోబోతుండగా రెండుచేతులా దాని అంచు పట్టుకుంది.

"రోంత ఆగు తల్లీ."

యూనిఫాంలో ఉన్న అమ్మాయి కన్నడంలో అడిగింది ఏమైందని. సరిహద్దు ఊరివాళ్లం, మాకు ఆ భాష పరాయిది కాదు. గంగక్క కన్నడంలోకి మారింది. వాళ్లు మాట్లాడుకున్నది ఇక్కడ తెలుగులోనే రాస్తున్నాను.

"దీంట్లో సూది ఉండాదేమో. మీ మిషన్‌లో బాగా చూసి చెప్పమ్మా."

"సూదా? ఎందుకు పెట్టారు?"

"పెట్టలేదు. పోయింది. యాడ పోయిందో తెలీదు. పసిబిడ్డకు పరిచే బొంత ఇది."

వెనక నుంచి ఎవరో "ఆంటీ, మా ఫ్లైట్ పోతోంది" అన్నారు. ఆ అమ్మాయి పై అధికారిణిని పిలిచింది. ఆవిడ వచ్చి బొంతనూ గంగక్కనూ మార్చి మార్చి చూసింది.

"సూది ఉందని మీరే అంటున్నారు. అయితే దీన్ని లోపలికి పంపలేం."

"పంపాకుంటే మానె. ముందు ఉండాదో లేదో చెప్పు. ఆమీద నీ ఇష్టం."

"ఉందని తేలితే ఇక్కడే వదిలేసి పోవాల్సి వస్తుంది, తెలుసా?"

"ఉండాదని తెలిస్తే నేనే వదిలేస్తా. తెలియకుండా మాత్రం యెత్తుకుపోను."

ఆమె చేతులు ట్రేను వదల్లేదు. నేను కల్పించుకుని ఏదో చెప్పబోయాను. అధికారిణి ఒక నిమిషం ఆలోచించి మమ్మల్ని పక్క వరసలోకి పంపింది. బొంత మడతలు విప్పి, ఒక్క మడత మీద రెండు ట్రేల్లో పరిచి పంపమని గంగక్కే చెప్పింది. మడత మీద మడత ఉంటే దాని గుట్టు తెలియదని. ఆ అమ్మాయి అట్లాగే చేసింది.

బొంత నల్లతెర లోపలికి పోయింది. మిషన్ దగ్గర కూచుని లోపలి బొమ్మ చూస్తున్న అతను పట్టీ ఆపాడు. ముందుకు జరిపాడు, మళ్లీ వెనక్కి జరిపాడు. అమ్మాయిని పిలిచి వేలితో చూపించాడు.

"ఉంది" అంది ఆ అమ్మాయి మా వైపు తిరిగి.

గంగక్క కళ్లు మూసుకుంది.

బొంతను ఉక్కుబల్ల మీద పరిచారు. తెర మీద కనబడిన చోటు అంచుకు దగ్గరగా ఉంది. అమ్మాయి ఆ చోట వేలు పెట్టి చూపించింది. అప్పుడు కూడా గంగక్క వేళ్లకు ఏమీ తగల్లేదు. విప్పి తియ్యడానికి కత్తెర కావాలి. కత్తెర పెట్టెలో, పెట్టె ఎక్కడో కింద. గంగక్క బొంత అంచు నోటికి తీసుకుని, మిగిలిన రెండు మూడు పళ్లతో కుట్టు కొరికింది. గోటితో దారం లాగింది. మా విమానం పేరు మైకులో పిలుస్తున్నారు. మొదటి పొర తీసింది, రెండో పొర తీసింది. తల్లి కుట్టిన పాత ముక్క బయటపడింది. దాని మీద గోధుమరంగు మచ్చ ఒకటి ఉంది. ఎవరో ఎప్పుడో తాంబూలం ఉమ్మిన మరక అనుకునేదాన్ని అని తర్వాత నాతో అంది. ఆ మరక దగ్గరే పాత కుట్లు తెంపి, వేళ్లతో లోపలికి తడిమి, మెల్లగా బయటికి లాగింది.

నల్లగా తుప్పుపట్టిన సూది. పొట్టిది, లావుది. కంటిలో ఇంకా దారపు కొస ఉంది. పట్టుదారం. ఎరుపు ఇంకా పోలేదు.

గంగక్క దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది. "ఇది నాది కాదు" అంది.

"మీది కాకపోతే ఎవరిది?" అంది అమ్మాయి.

"మా యమ్మది."

అక్కడే బల్ల కాలికి ఆనుకుని నేల మీద కూలబడింది. నీళ్లు ఇస్తే తాగలేదు. కాసేపటికి తనే లేచి, కొంగుతో ముఖం తుడుచుకుని, ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుంది.

"ఇంగొక్కసారి చూడు తల్లీ. నాది ఇంగా ఉండాదేమో."

ఆ అమ్మాయి బొంతను మళ్లీ పంపింది. అటు తిప్పి ఇంకోసారి పంపింది. చేతిలో పట్టుకునే పరికరంతో అంగుళం అంగుళం చూసింది. "ఏమీ లేదు అవ్వా. నిజంగా ఏమీ లేదు. తీసుకుపో" అంది. సూది మాత్రం ఇక్కడే ఉండిపోవాలని చెప్పింది. గంగక్క సూదికంటి నుంచి పట్టుపోగు లాగి చూపించింది.

"ఇదీ తప్పా?"

"దారానికేముంది, తీసుకో" అని నవ్విందా అమ్మాయి. గంగక్క పోగును చుట్టి రైకలో దోపుకుంది. సూది వదిలేసిన వస్తువుల డబ్బాలో పడింది. పడిన చప్పుడు కూడా వినబడలేదు.

పరుగులాంటి నడకతో వెళ్లి విమానం ఎక్కాం. కిటికీ పక్కన కూచోబెట్టినా ఆమె బయటికి చూడలేదు. ఒళ్లో బొంత, విప్పిన చోట నోరు తెరిచినట్టున్న కుట్టు, అందులో ఆమె వేళ్లు. విమానం పైకి లేచి చాలాసేపయ్యాక మాట్లాడింది.

"నేను పండుకుంటి. నా కూతురు పండుకునె. సుజాత పండుకునె. అందరం దాని మీదనే."

"ఎవరికీ గుచ్చలేదు కదా గంగక్కా."

"గుచ్చుంటే?"

విప్పిన కుట్టు అంచులు దగ్గరికి లాగి పట్టుకున్నాను. కొన్నిసార్లు ఓదార్పు మాటలు చదివినంత తేలిగ్గా నోటికి రావు.

"ఇంగోళ్ల బొంత విప్పింది మా యమ్మ, వాళ్ల ముందర తల వంచుకుని. మా ఇంట్లో పరుచుకున్నే దీనికి ఆ దినాల్లోనే అతుకేసినా, విప్పి చూద్దామని తోచలేదు." మళ్లీ తనే అంది, "నన్ను కొట్టిన దినం, ఏడ్సి ఏడ్సి నిద్రొస్తే ఎత్తుకుపోయి పండబెట్టింది గూడా దీని మీదనే."

ఆ తర్వాత ఇంకొక్క మాటే అంది. "నాది యాడుండాదో మరి."

అహ్మదాబాదు చేరేసరికి పొద్దు గూకింది. జాయ్ మమ్మల్ని ఇంటికి తీసుకుపోయాడు. సుజాత, పాప ఆసుపత్రిలోనే ఉన్నారు. పొద్దున తెస్తారు. తెరుచుకున్న కుట్టు మూయకుండా గంగక్కకు కాలు నిలవడం లేదు. అయినా దీపం పెట్టాక సూది ముట్టలేదు. తెల్లారి కిటికీలోకి వెలుతురు రాగానే పెట్టె విప్పింది. కత్తెర చూసుకుంది, కండె ముక్క తీసి పక్కన పెట్టింది, సూదులు నాలుగూ లెక్కపెట్టుకుంది. ఆసుపత్రికి బయల్దేరబోతున్న జాయ్ వచ్చి ఎదురుగా నేల మీద కూచున్నాడు.

"అమ్మమ్మా, నేను... ఒక లైను వేయొచ్చా?" సుజాత దగ్గర నేర్చుకున్న తెలుగు.

"మగోళ్లు వేసేది లేదు నాయనా." అతని ముఖం చూసి మళ్లీ అంది, "వెయ్ లే. మనుషులకే కుట్లేసే చోట పనిచేస్తావు గదా."

జాయ్ చాలా శ్రద్ధగా వేశాడు. ఒక్కో కుట్టు వేసి, ముడి వేసి, దారం తెంపి, మళ్లీ మొదలుపెట్టాడు.

"ఇదేందిది? ఒక్కో కుట్టుకూ ముడేస్తావా? బొంతకు దెబ్బ తగిలిందనుకున్నావా?" అంది గంగక్క. రెండు రోజుల్లో నేను చూసిన మొదటి నవ్వు అది. అతన్ని విప్పనివ్వలేదు. అట్లాగే ఉండనీ అంది.

జాయ్ ఆసుపత్రికి పోయిన కాసేపటికి నా ఫోన్ మోగింది. నాగలక్ష్మమ్మ.

"ఉమక్కా, సూది దొరికింది! క్యాలెండర్‌కు గుచ్చినా. ఆ పొద్దు పాలబండి వచ్చిందని ఉరికినా గదా, గిన్నె తీసుకునే ముందర గోడకుండే క్యాలెండర్‌కు గుచ్చిపెట్టినట్లుండాది. అమావాస్య యెప్పుడో చూద్దామని ఇప్పుడు పోతే కండ్ల ముందరే ఉండాది. గంగక్కకు నువ్వే చెప్పు తల్లీ, నేను చెప్తే తిడతాది."

గంగక్క ఫోన్ లాక్కుంది. "యేమే, తోలు మందం లేనిదానా!"

అటు నుంచి నాగలక్ష్మమ్మ గొంతు చిన్నగా వినబడింది. "తిట్టు అక్కా. తిట్టు. పాపెట్లుండాది?"

"ఇంగా రాలేదు. ఆ సూదిని ఆడనే ఉంచు. నేనొచ్చేదాంకా ముట్టొద్దు." ఫోన్ నాకిచ్చి, గోడకు చేరగిలబడి, ఊపిరి వదిలింది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు.

సుజాత పాపతో లోపలికి వచ్చేసరికి బొంత చాప మీద పరిచి ఉంది. తెల్లగుడ్డలో చుట్టిన పిల్ల, పిడికిలంత ముఖం. చర్మం కింద నరాలు కనబడుతున్నాయి. సుజాత వంగి, కింద పడుకోబెట్టబోయింది.

"ఆగు" అంది గంగక్క.

చాప మీదికి వచ్చి బొంత మీద తానే పడుకుంది. ముందు చెంప ఆనించింది. తర్వాత చేతులు సాచి, మోచేతులు, భుజాలు, వీపు ఆనించింది. ఆ చివర నుంచి ఈ చివరకు మెల్లగా దొర్లింది. మళ్లీ వెనక్కి దొర్లింది. చీర నలిగి, జుట్టు ముడి ఊడిపోయింది. జాయ్ నా వైపు చూశాడు. నేను నేల వైపు చూశాను.

"అవ్వా, మిషన్‌లో చూసినారని ఫోన్లో చెప్తివి గదా. ఇంగో సూది గూడా దొరికింది గదా. ఇంగేంది?" అంది సుజాత.

"వాళ్లు చూసినారు. నేను చూసుకోవద్దా?"

దొర్లడం అయ్యాక లేవకుండా అక్కడే పక్కకు తిరిగి, ఒక చెయ్యి బొంత మీద వెల్లకిలా పెట్టి, "ఇప్పుడు తే" అంది. సుజాత పాపను తెచ్చి ఆ చేతి మీదే ఆనించింది. పాప ముఖం ముడుచుకుని, ఏడవబోయి, ఆవులించింది. గంగక్క అరచెయ్యి పిల్ల వీపు కింద, బొంతకూ పిల్లకూ మధ్య ఉంది.

"చెయ్యి తియ్యి అవ్వా. బొంత మీద పండుకోనీ" అంది సుజాత.

"తీస్తాలే. రోంత ఆగు."